మే ఎండకీ, దసరా చుట్టాలకీ తట్టుకునేలా మోడల్ కార్లని పెట్టుకోవడం ఎలా

విజయనగరంలో మోడల్ కార్లు సేకరించేవాళ్ళకి ఏడాదిలో రెండు గండాలు. ఒకటి మే, రెండోది అక్టోబరు. మేలో ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పగలు 40 డిగ్రీలు దాటిన రోజున రాత్రి పదింటికి పడమటి గోడ మీద చెయ్యి పెట్టినా వెచ్చగానే ఉంటుంది. అక్టోబరు అంటే దసరా, ఆ తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర. ఇంటి నిండా చుట్టాలు, చుట్టాల పిల్లలు, "ఏట్రా ఇది, ఓపాలి ఇలాగియ్యి" అంటూ చెయ్యి చాపే మావయ్యలు. వాళ్ళు రైలెక్కారో లేదో తుపాను కబురు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. చెమ్మ, దుమ్ము ఏడాది పొడుగునా ఉండేవే కానీ అవి నిదానంగా పాడుచేస్తాయి, సర్దుకోడానికి మనకి టైమిస్తాయి.

చాలామంది ముందు ఆన్‌లైన్లో అక్రిలిక్ బాక్సు కొంటారు, అది వచ్చాక ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా తిరుగుతారు. మీరు ఈ వరస తిరగెయ్యండి. ముందు గోడ, తర్వాత షోకేసు, బాక్సు ఆఖర్న. గోడ సరిగ్గా కుదిరితే బాక్సు మామూలుదైనా నడుస్తుంది. గోడ తప్పితే ఎంత ఖరీదైన బాక్సయినా లోపల కారుని ఉడకబెట్టడానికే పనికొస్తుంది.

ముందు మీ కార్లు దేంతో చేసినవో చూడండి

డైకాస్ట్ (కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసినది) అనగానే ఇనుము అనుకుంటారు. కాదు, అది జింకులో కొంచెం అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపిన మిశ్రమలోహం. జమాక్ అంటారు. కరగాలంటే 380 డిగ్రీల దాకా వెళ్ళాలి కాబట్టి మన ఎండకి బాడీకి ఏమీ అవదు. దెబ్బ తినేవి మిగతా భాగాలు. అద్దాలు, బంపర్లు, సీట్లు సాధారణంగా ఏబిఎస్, పాలీస్టైరీన్ లాంటి ప్లాస్టిక్కులు. ఇవి మెత్తబడేది 100 డిగ్రీల చుట్టుపక్కల. అయితే బరువు మోస్తున్న ప్లాస్టిక్కు, బిగుతుగా స్క్రూ వేసిన ప్లాస్టిక్కు అంతకంటే చాలా తక్కువ వేడికే నెలల తరబడి కొద్దికొద్దిగా వంగుతూ పోతుంది. రెసిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్కు ద్రవం) మోడల్స్ ఇంకా సుకుమారం. 60–70 డిగ్రీలకే మెత్తబడే రెసిన్లున్నాయి. 3డి ప్రింటర్ మీద పిఎల్ఏ అనే ప్లాస్టిక్కుతో తీయించుకున్న స్టాండ్లు, రిమ్ములు కూడా 60 దగ్గరే లొంగిపోతాయి.

గదిలో 60 డిగ్రీలు ఎక్కణ్ణుంచి వస్తాయి అంటారేమో. నేరుగా ఎండ పడే కిటికీ, మూసిన అక్రిలిక్ బాక్సు, అందులో నల్లరంగు కారు, ఈ మూడూ కలిస్తే వస్తాయి. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద ఓ నిమిషం చెయ్యి ఉంచి చూడండి. అందుకే విశాఖలో కొన్న మోడల్ని తెచ్చుకునేటప్పుడు వెనక అద్దం కింద పెట్టి మధ్యలో భోజనానికి దిగిపోకండి. చేత్తో పట్టుకునే హోటల్లోకి వెళ్ళండి, ఎవరేమనుకున్నా పర్లేదు.

కాబట్టి ఇంట్లో ఉన్నవాటిని మూడు గుంపులు చేయండి. రెసిన్‌వి, లోహపు బాడీతో రబ్బరు టైర్లున్నవి, చిన్నచిన్న హాట్‌వీల్స్, మాజొరెట్ బ్రాండ్ల లాంటి 1:64లు, అంటే సుమారుగా అసలు కారులో 64వ వంతు పొడవుండేవి. చల్లటి చోటు మొదటి గుంపుకి, గట్టి అర రెండోదానికి. మూడో గుంపు ఎక్కడైనా బతికేస్తుంది.

గోడ ఎంచుకోవడం

దక్షిణం కిటికీ వేడి, ఉత్తరం కిటికీ చల్లన అనే మాట మన దగ్గర సగమే నిజం. విజయనగరం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో పొద్దున్న ఈశాన్యం వైపు నుంచి, సాయంత్రం వాయవ్యం వైపు నుంచి ఎండ ఉత్తరపు కిటికీలోకి ఏటవాలుగా దిగుతుంది. సన్‌షేడ్ ఉన్నా ఆగదు, ఎందుకంటే ఆ వేళకి సూర్యుడు కిందుంటాడు. డిసెంబరులో దీనికి పూర్తిగా తిరగబడి, మధ్యాహ్నం ఎండ దక్షిణం కిటికీలోంచి గది లోపలిదాకా పాకుతుంది. అంటే జనవరిలో చూసి "ఇక్కడ ఎండ పడదు" అని తేల్చేసిన ఉత్తరం కిటికీ పక్క చోటు మేలో మోసం చేస్తుంది.

అన్నిటికంటే మంచిది బయటి ఎండ తగలని లోపలి గోడ, అంటే రెండు గదుల మధ్య గోడ. అన్నిటికంటే చెడ్డది పడమటి గోడ. మధ్యాహ్నమంతా ఎండని తాగి, సాయంత్రం నుంచి దాన్ని ఇంట్లోకి వదులుతుంది. ఎంచుకున్న చోట ఒక చిన్న డిజిటల్ థర్మామీటరు పెట్టండి, ఉష్ణోగ్రతతో పాటు గాలిలో తేమ శాతం కూడా చూపించే రకం. మూడు నాలుగు వందల్లో దొరుకుతుంది. కొన్నాళ్ళపాటు సాయంత్రం నాలుగింటికి ఓసారి, రాత్రి తొమ్మిదింటికి ఓసారి చూడండి. నాలుగింటికంటే తొమ్మిదింటికి ఎక్కువ చూపిస్తే ఆ గోడ వద్దు.

పైన ఇంకో అంతస్తు లేని డాబా ఇల్లయితే గోడతో పాటు శ్లాబు సంగతి కూడా ఆలోచించాలి. వేడిగాలి పైకే చేరుతుంది, శ్లాబు కూడా పైనుంచి సెగ కొడుతుంది. అలాంటి గదిలో షోకేసు పై అర కార్లకి ఇవ్వకండి. పుస్తకాలు పెట్టండి, స్కూల్లో గెల్చుకున్న షీల్డులు పెట్టండి. ఎండలు ముదరకముందే డాబా మీద సున్నమో తెల్లటి కూల్ రూఫ్ పెయింటో కొట్టిస్తే ఆ గది వేడి బాగా దిగుతుంది, అది కార్లకే కాదు మనుషులకీ మంచిదే కాబట్టి ఇంట్లో ఒప్పించడమూ తేలిక. రేకుల షెడ్డు గది అసలు వద్దు. పెంకుటిల్లు చల్లగా ఉంటుంది కానీ చూరులోంచి మట్టి రాలుతుంది, ఎలుకలు, బల్లులు తిరుగుతాయి. అక్కడ మూసిన షోకేసు తప్పనిసరి. బల్లి రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ యాసిడ్. రంగు మీద నాలుగు రోజులుంటే మచ్చ పడిపోతుంది.

ఇంకొన్ని చోట్లు ముందే కొట్టేయండి. ఫ్రిజ్ మీద వద్దు, వేడి ఒకటి, వణుకు ఒకటి. ఇన్వర్టరు పైన వద్దు. బాత్రూమ్ గోడకి ఆనించి వద్దు, చెమ్మ. పూజగది ఎదురుగా వద్దు, దీపం మసీ అగరుబత్తి పొగా కలిసి అద్దాల మీద జిడ్డు పొరలా కూర్చుంటాయి. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు కూడా వద్దు. వానాకాలంలో ఏసీ ఆపి కిటికీ తీశారంటే చల్లబడిన లోహం మీద బయటి తేమ చెమటలా పడుతుంది.

వేడి లేకపోయినా వెలుగు ఊరుకోదు. మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో ఒక రకాన్ని చాలావరకు ఆపుతుంది, ఇంకో రకాన్ని లోపలికి వదిలేస్తుంది. ముందు వెలిసేది ఎరుపు. మందపాటి కర్టెన్ చాలు, పగలు ఎవరూ చూడని గదిలో కర్టెన్ వేసి ఉంచడానికి ఖర్చేమీ లేదు.

షోకేసు

వడ్రంగి చేత కొత్తగా చేయిస్తుంటే ఒక మాట గుర్తుంచుకోండి. ప్లైవుడ్డు, ఎండిఎఫ్, పచ్చి కర్ర, ఇవన్నీ చాలాకాలం ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి. గట్టిగా మూసిన అరలో ఆ ఆవిరి నిలిచి జింకు మీద తెల్లటి పొడిలాంటి పూత పుట్టిస్తుంది. రంగు లేని చోట, అంటే చాసిస్ (కారు కింది చట్రం) అడుగునా స్క్రూల చుట్టూ, ముందు కనిపిస్తుంది. అందుకని లోపలి వైపులన్నిటికీ, అంచులతో సహా, లామినేట్ వేయించండి. చేసిన తర్వాత తలుపులు తీసి ఉంచి వాసన పూర్తిగా పోయేదాకా కార్లు పెట్టకండి. నెల పట్టినా పట్టనివ్వండి. అద్దాలు అతికించే సిలికాన్‌లో కూడా రెండు రకాలుంటాయి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొట్టేది వద్దు, న్యూట్రల్ రకం అడగండి.

నన్నడిగితే కర్ర కంటే అల్యూమినియం ఫ్రేము, అద్దాల షోకేసే మేలు. మన ఊళ్ళో తలుపులూ కిటికీలూ చేసే అల్యూమినియం షాపువాళ్ళే కొలత ఇస్తే చేసి పెడతారు. అరలకి 5 మిల్లీమీటర్ల అద్దం తక్కువ కాకుండా, రెండడుగులకి మించి ఆనిక లేకుండా వదలకండి. 1:18 కారు దాదాపు కిలో దాకా తూగుతుంది, అరలో నాలుగు పెడితే నాలుగు కిలోలు. టఫెన్డ్ అద్దం వేయిస్తుంటే కొలతలు ముందే కచ్చితంగా ఇవ్వాలి, దాన్ని తర్వాత కోయడం కుదరదు. తలుపులు జరిపే రకమైతే నాకు ఇష్టం. కబ్జాల తలుపు ఎవరైనా విసురుగా లాగితే అరలన్నీ ఒక్క కుదుపు కుదుపుతాయి, అంచున ఉన్న కారు కిందకొస్తుంది. జరిపే తలుపుల మధ్య సందులోంచి దుమ్ము రాకుండా బ్రష్ పట్టీ వేయించుకోండి.

షోకేసు ఎంత బరువుగా ఉన్నా గోడకి పైన రెండు ఎల్ బ్రాకెట్లు, రావల్ ప్లగ్గులతో బిగించాల్సిందే. చిన్నపిల్ల కింది అర పట్టుకుని ఎక్కబోతే ఏమవుతుందో ఊహించండి. ఇక్కడ కాపాడాల్సింది కార్లని కాదు.

కొలతలకి లెక్క చిన్నదే. అసలు కారు పొడవుని స్కేలుతో భాగించడమే. అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు. 1:18లో 24 సెంటీమీటర్లు, 1:43లో 10, 1:64లో 7కి కొంచెం తక్కువ. చుట్టూ కనీసం మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉంచుకోండి, ఎందుకంటే చెయ్యి లోపలికి పెట్టి బయటికి తీసేటప్పుడే సైడ్ మిర్రర్లు పోతాయి. హాట్‌వీల్స్ మీద ఈ లెక్క పనిచేయదు. వాళ్ళకి స్కేలు కంటే ప్యాకింగు సైజే ముఖ్యం, లారీ అయినా కారైనా ఇంచుమించు ఒకే పొడవు.

లైట్లు పెట్టుకుంటే ఎల్ఈడీ పట్టీలే, అవీ అల్యూమినియం చానల్లో. అడాప్టరు షోకేసు బయట ఉండాలి. హాలోజన్ వద్దే వద్దు. చూసేటప్పుడు వేసుకోండి, అయిపోగానే ఆపేయండి.

టైర్ల కింద ఏముందో చూశారా?

పట్టించుకోనివాళ్ళు ఎక్కువ, నష్టపోయేవాళ్ళూ ఎక్కువ ఇక్కడే. ఏళ్ళ తరబడి ప్లాస్టిక్ బేస్ మీద కదలకుండా ఉన్న 1:18 కారుని మెల్లగా ఎత్తి చూడండి. టైరు ఆనిన చోట బేస్ మీద చిన్న గుంట, అందులో టైరు గళ్ళు అచ్చు దిగి ఉంటాయి. వేలు పెడితే జిగట. ఇంకొంచెం ముదిరితే టైరు బేస్‌కే అతుక్కుపోయి, కారు ఎత్తగానే రిమ్ములోంచి ఊడి అక్కడే ఉండిపోతుంది.

మెత్తటి పివిసి టైర్లలో దాన్ని మెత్తగా ఉంచడానికి నూనెలాంటి పదార్థం ఒకటి కలుపుతారు. అది ఎప్పుడూ బయటికి కారిపోవాలనే చూస్తుంది. పాలీస్టైరీన్, అక్రిలిక్ లాంటి ప్లాస్టిక్కు తగిలితే అందులోకి ఇంకి దాన్ని కరిగిస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఇది వేగం పుంజుకుంటుంది, మీద ఉన్న బరువు మిగతా పని చేస్తుంది. ఇతర ఊళ్ళలో పదేళ్ళు పట్టేది మన డాబా గదుల్లో అంత ఆలస్యం చేయదు.

మందు రెండు రకాలు. మొదటిది, బరువు టైర్ల మీద లేకుండా చేయడం. చాసిస్ అడుగున ముందూ వెనకా చిన్న అక్రిలిక్ దిమ్మలు పెట్టి, టైరు బేస్‌ని తాకీతాకనట్టు ఉండేలా ఎత్తండి. కాగితం ముక్క టైరు కింద జరిపితే అడ్డం లేకుండా వెళ్ళాలి. దూరం నుంచి చూసేవాళ్ళకి తేడా తెలియదు. రెండోది, టైరుకీ బేస్‌కీ మధ్య అడ్డం వేయడం. పారదర్శకంగా ఉండే పాలీప్రొపిలీన్ ఫైలు కవరు తీసుకుని టైరు ఆనే మేరకి చిన్న చతురస్రాలు కోసి పెట్టండి. కవరు మీద త్రికోణం గుర్తులో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్. 3 ఉంటే పివిసి, దాన్ని వాడితే రోగానికి రోగమే మందు అయినట్టు. అద్దం అర మీద నేరుగా పెట్టిన కారుకి ఈ బాధ చాలా తక్కువ, అయినా గుర్తులు పడకుండా ముక్క వేయడం మంచిదే.

ఇప్పటికే అతుక్కుని ఉంటే లాగకండి. పళ్ళ మధ్య వాడే ఫ్లాస్ లాంటి సన్నటి దారాన్ని టైరు కిందికి దూర్చి అటూ ఇటూ నెమ్మదిగా జరపండి. ఓపిక కావాలి. సగంలో విసుగొస్తే వదిలేసి మర్నాడు కూర్చోండి.

పడిపోకుండా బిగించడం

చాలా 1:18, 1:43 మోడల్స్ డబ్బాలో బేస్‌కి స్క్రూలతో బిగించి వస్తాయి. విప్పిన స్క్రూల్ని పారేయకండి. షోకేసులో కూడా అదే బేస్ మీద అవే స్క్రూలతో నిలబెడితే కుదుపుకి కదలదు, బరువు కూడా టైర్ల మీంచి తప్పుతుంది. స్క్రూ ఆగే దగ్గర ఆపండి, అవతల ఉన్నది ప్లాస్టిక్కు బొడిపో మెత్తటి జింకో, గట్టిగా తిప్పితే మర పోతుంది.

స్క్రూలు లేనివాటికి బంకమట్టిలా ఉండే పోస్టర్ ముద్దలు వాడతారు. వాడొచ్చు కానీ చాసిస్ అడుగున రంగు లేనిచోట మాత్రమే, చిక్కుడు గింజంత. టైర్లకీ బాడీకీ రాయకండి, నూనె మరక దిగుతుంది. మే నెలలో అది మెత్తబడి సాగుతుంది కాబట్టి ఏడాదికోసారి మార్చేయండి. డబుల్ టేపు మాత్రం నాకు నచ్చదు. వేడికి దాని జిగురు కారి దుమ్ముని పట్టుకుంటుంది, తీయాల్సి వచ్చినప్పుడు ప్రాణం తీస్తుంది.

చుట్టాలు, పిల్లలు, పసుపు బొట్టు

ఏ అర ఎవరికి అనే చిక్కు ఇక్కడొస్తుంది. చల్లదనం కిందుంది, పిల్లలూ కిందే ఉన్నారు. రెసిన్ కార్లని పెద్దవాళ్ళ నడుం నుంచి ఛాతీ ఎత్తు మధ్యలో ఉన్న అరల్లో పెట్టి, షోకేసుకి చిన్న తాళం వేయడమే నాకు తోచిన రాజీ. కింది అరలో పెద్ద, బరువైన, తలుపులు తెరుచుకోని మోడల్స్. తాళం ఉందని ఎవరూ నొచ్చుకోరు. "తాళంచెవి ఎక్కడ పెట్టానో" అనడం మనకి వచ్చిన విద్యే కదా.

తాళం కంటే బాగా పనిచేసేది ఇంకోటుంది. పది పదిహేను చిన్న కార్లు, రంగు పోయినవి, ఇరుసు వంగినవి, ఒక బుట్టలో వేసి హాల్లో పిల్లలకి అందేచోట పెట్టండి. సిరిమాను రోజు మూడులాంతర్ల జంక్షన్ దాకా వెళ్ళి, ఆ జనంలో నలిగి, ఎండనపడి ఇంటికొచ్చిన పిల్లల చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి. ఇవ్వకపోతే వాళ్ళే వెతుక్కుంటారు. బుట్టలోని కార్లు పోతే పోయాయి, వాళ్ళు జేబులో వేసుకుని వెళ్ళిపోయినా మీకు నష్టం లేదు.

పెద్దవాళ్ళకి చూపించాల్సి వస్తే నిలబడి చేతికివ్వకండి. కూర్చోబెట్టండి. టేబుల్ మీద మడతపెట్టిన తువ్వాలు పరిచి, దాని మీద మీరే పెట్టండి. ఉంగరాలు, వాచీ, గాజులు ఉంటే మర్యాదగా తీయించండి. ఎత్తడం రెండు చేతులతో, తలుపుల కింది అంచుల దగ్గర పట్టుకుని. పైకప్పు పట్టుకుని ఎత్తితే తలుపులు తెరుచుకుని ఊగుతాయి, ముందూ వెనకా పట్టుకుంటే బంపర్లూ వైపర్లూ చేతికొస్తాయి. తలుపు గోటితో గీకి తీయకండి, పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి తీయండి. చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకుంటే చాలు. నూలు గ్లవ్స్ వేసుకుంటే చూడ్డానికి బాగుంటుంది కానీ నున్నటి రంగు మీద జారతాయి.

ఇంకో సంగతి ఆయుధపూజ. బండికీ, సైకిలుకీ బొట్టు పెట్టిన చేత్తోనే అమ్మో నాన్నమ్మో షోకేసు దగ్గరికి వచ్చి "వీటికీ పెడదాం" అంటారు. కాదనకండి, కానీ బొట్టు షోకేసు అద్దం మీద పెట్టించండి. పసుపు రంగు తెల్ల కారు మీదా, ప్లాస్టిక్కు మీదా పడితే ఓ పట్టాన వదలదు. కుంకుమ నీళ్ళలో తడిసి సందుల్లోకి దిగితే అద్దం చుట్టూ ఎర్రటి గీత మిగిలిపోతుంది.

దుమ్ము

తడిగుడ్డతో తుడిచే అలవాటు మానండి. మన ఎర్రమట్టి దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, గుడ్డతో రుద్దితే గీతలే. ముందు కెమెరాకి వాడే రబ్బరు బ్లోయరుతో ఊదండి. తర్వాత మేకప్పుకి వాడే మెత్తటి బ్రష్, కొత్తది, దీనికే కేటాయించినది. అప్పటికీ పోని వేలిముద్రలకి మైక్రోఫైబర్ గుడ్డని నీళ్ళలో ముంచి గట్టిగా పిండి తుడవండి, వెంటనే పొడిది. శానిటైజరు, స్పిరిట్, థిన్నరు దగ్గరికి రానివ్వకండి. బాడీ మీద అచ్చు వేసిన నంబర్లు, లోగోలు గుడ్డకి వచ్చేస్తాయి. పనికొచ్చే అమ్మాయికి షోకేసు బయటి అద్దం వరకే తన పని అని ముందే చెప్పి ఉంచండి.

చెమ్మ

మీ థర్మామీటరు 40 నుంచి 55 శాతం తేమ చూపిస్తే చాలా సంతోషం. వానాకాలంలో మన దగ్గర 70 పైనే ఉండటం మామూలు. చిన్న మూసిన బాక్సుల్లో సిలికా జెల్ పొట్లం పెట్టండి. పెద్ద షోకేసులో తలుపు సందులుంటే దానివల్ల ఒరిగేది తక్కువ. నారింజ రంగు నుంచి ఆకుపచ్చకి మారే రకం కొనండి, పచ్చబడగానే ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తుంది. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, దాన్ని వంటింట్లోకి తేకండి. పురుగులకని కలరా ఉండలు అసలు వేయకండి, ఆ ఆవిరి పాలీస్టైరీన్‌ని మెత్తబరుస్తుంది.

పాత మోడల్స్ కొనేవాళ్ళకి జింక్ పెస్ట్ గురించి తెలియాలి. జింకులో సీసం కలుషితంగా చేరితే లోహం లోపలి నుంచే విచ్చుకుంటుంది. సన్నటి పగుళ్ళు, బాడీ ఉబ్బడం, చివరికి ముక్కలైపోవడం. వేడీ చెమ్మా దాన్ని తొందరపెడతాయి. 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ బాగా శుద్ధిచేసిన జింకుతో జమాక్ తయారుచేశాక ఈ బాధ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అది పక్క కారుకి అంటుకోదు, వచ్చినదానికి మందూ లేదు. పొడిగా, చల్లగా ఉంచి రోజులు పొడిగించడమే.

దాచేటప్పుడు, తుపానప్పుడు

అన్నీ బయట పెట్టుకునే చోటు ఎవరికుంటుంది? మిగిలినవి అటకెక్కుతాయి. శ్లాబుకి మూరెడు దూరంలో ఉండే అటక ఇంట్లోకెల్లా వేడి చోటు. మంచం కింద పెట్టండి, బీరువా అడుగున పెట్టండి, అటక మాత్రం వద్దు. అసలు డబ్బాలో కారు చుట్టూ ఉండే ప్లాస్టిక్ పొర, స్పాంజి బాడీకి ఆనుకుని ఉంటే తీసేయండి. వేడికి, తేమకి వాటి కింద రంగు పొక్కులొస్తుంది. బబుల్ ర్యాప్ నేరుగా చుట్టినా అంతే, రంగు మీద గుండ్రటి మచ్చలు వరసగా దిగుతాయి. న్యూస్ పేపరు సిరా అంటుకుంటుంది. ఉతికి ఆరేసిన పాత వాయిల్ చీర ముక్కలు అన్నిటికంటే మంచివి. బాడీకి చీర ముక్క, దాని మీద కావాలంటే బబుల్ ర్యాప్. లైట్లు వెలిగే మోడల్స్‌లో గుండీ బ్యాటరీలు తీసేయండి, కారితే లోపలి వైర్లన్నీ పచ్చబడతాయి.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు చేతులు ఖాళీగా ఉండవు. మంచినీళ్ళు పట్టాలి, ఫోన్లకి చార్జింగు పెట్టాలి, డాబా మీద ఎగిరిపోయేవి దించాలి. కాబట్టి సెప్టెంబరు ఆఖరుకే చీర ముక్కలు, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలు ఒకచోట ఉంచుకోండి. ఏ కారు ఏ డబ్బాలోకో చీటీ రాసి మూతకి అంటించండి, కరెంటు లేకపోయినా ఎవరైనా సర్దగలగాలి. కిటికీకి ఎదురుగా ఉన్న షోకేసు ముందు ఖాళీ చేయండి, రెసిన్‌వి మొదట. డబ్బాలు లోపలి గదిలో నేల మీద కాకుండా మంచం మీదో బల్ల మీదో పెట్టండి, తలుపు సందులోంచి నీళ్ళొస్తాయి. హుద్‌హుద్ తర్వాత మన జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాన్లు లేక ఇళ్ళు ఆరలేదు. తడి గదిలో డబ్బాలు తెరిచి చూసుకోవాలని చెయ్యి దురద పెడుతుంది. గోడలు ఆరేదాకా ఆగండి.

విరిగితే

ముందు నేల ఊడ్చకండి. సైడ్ మిర్రరు పెసరగింజంత ఉంటుంది, చీపురు తగిలితే మళ్ళీ దొరకదు. ఫోను టార్చి నేలకి ఆనించి పక్కకి వెలుగు కొట్టండి, చిన్న ముక్కకి పొడుగు నీడ పడి కనిపిస్తుంది. దొరికినవన్నీ జిప్ కవర్లో వేసి కారు పేరు రాసి ఉంచండి.

లోహపు ముక్కలకి రెండు ట్యూబుల ఎపాక్సీ, అగ్గిపుల్ల మొనంత. అద్దాలు, హెడ్‌లైట్ల దగ్గర సూపర్ గ్లూ వాడకండి, దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్కు మీద తెల్లటి మంచులా పట్టేస్తుంది. అక్కడ మామూలు తెల్ల ఫెవికాలే మేలు, ఆరాక కనపడదు, తప్పు కూర్చుంటే తడిగుడ్డతో వచ్చేస్తుంది. చాసిస్‌ని తలకిందులుగా స్పాంజి మీద పడుకోబెట్టి, అతికిన ముక్క కదలకుండా మాస్కింగ్ టేపు వేసి, రాత్రంతా తాళం వేసిన గదిలో వదిలేయండి. పొద్దున్న టేపుని పైకి కాకుండా పక్కకి లాగుతూ తీయండి.